రెండు పిడికిళ్ళ బంక

కాసులమ్మ జడ గురించి తెలియనివాళ్ళు మారేడుమిల్లి సంతలో ఉండరు. అదేమన్నా మామూలు జడా! మోకాళ్ళు దాటి పిక్కల మీద ఊగే జడ. యాభై ఆరేళ్ళు నిండినా చెవుల దగ్గర నాలుగు వెంట్రుకలు తప్ప నెరిసింది లేదు. కొండ చూడ్డానికొచ్చిన పట్నం ఆడవాళ్ళు "సవరం పెట్టుకున్నావా?" అని అడిగితే కోపం తెచ్చుకోదు సరికదా, జడ తెచ్చి వాళ్ళ చేతిలోనే పెట్టేది. "లాగి సూసుకోండి. ఊడొస్తే మీరే అట్టుకుపోండి" అనేది. లాగినవాళ్ళు నాలిక్కరుచుకునేవాళ్ళు. ఈవిడ మాత్రం ఆ పూటంతా నవ్వుకుంటూ తిరిగేది.

ఏం రాస్తావని అడిగితే దాచేదేమీ లేదు. తపసి బంక. శనగగింజంత ముక్క చెంబెడు నీళ్ళలో పడేస్తే తెల్లారేసరికి చెంబు నిండా జావలా ఉబ్బుతుంది. అది తలకి పట్టించి, కడిగేసి దువ్వుకుంటే చిక్కనేది ఉండదు. వాళ్ళమ్మ చేసింది అదే, వాళ్ళమ్మమ్మ చేసింది అదే.

వాళ్ళ ఊరు తేనెలగూడెం కొండరెడ్ల ఊరు. అడవిలో తపసి చెట్లు ఇంటింటికీ పంచి ఉన్నాయి. కాసులమ్మ వాటా చెట్టు కొండ వారన ఉంటుంది, తెల్లటి ఒళ్ళు, ముగ్గురు చేతులు కలిపితే గానీ అందని మొదలు. దాన్ని "మా ముసల్ది" అంటుంది. ముసల్దానికి ఒక ఏడాది గాట్లు పెడితే రెండేళ్ళు విశ్రాంతి. దాని బంక దాని దొప్పలోనే. మోదుగాకు దొప్పలో ఏ చెట్టుది ఆ చెట్టుకే కట్టాలి గాని, రెండు చెట్ల బంక పచ్చిమీద కలపకూడదని తాతలనాటి కట్టడి. ఎందుకు కలపకూడదో తాతలు చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. కొనేవాళ్ళు ఎలాగూ రంగుని బట్టి ఏరి అంతా ఒకే గోనెలో పోస్తారు కదా అని ఊళ్ళో చాలామంది ఆ పట్టింపు వదిలేశారు. కాసులమ్మ వదల్లేదు.

వదలకపోగా పందొమ్మిదేళ్ళ కిందట ఒక ఘనకార్యం చేసింది. సొంత వదిన పండమ్మ, అంటే అన్నగారి భార్య, రెండు దొప్పలు ఒకదాంట్లోకి వంచుతుంటే చూసి, ఆ బంకంతా తీసుకెళ్ళి అందరి ముందూ వాగులో పోసేసింది. "సేతికి శుద్ధి లేనిదానివి, బంక జోలికి రాకు" అని ఒక మాట కూడా విసిరింది. అంతే. రెండిళ్ళ అవతల ఉన్న మనుషులు పందొమ్మిదేళ్ళుగా మాట్లాడుకోలేదు. అన్న పోయినప్పుడు కూడా కాసులమ్మ గుమ్మం బయటే నిలబడి ఏడ్చి వచ్చేసింది.

ఇక ఆవిడ గొప్పల్లో అన్నిటికన్నా గొప్పది కూతురు విరజ. రాజమండ్రిలో జిగుళ్ళ పరిశోధనశాలలో సైంటిస్టు. సముద్రాల్లో కరక్కుండా పేరుకుపోయే పెట్రోలియం జిగుళ్ళను తలకి రాసుకునే వాటిల్లో వాడకూడదని దేశాలన్నీ కూడబలుక్కుని ఏడేళ్ళయిన కాలం అది. షాంపూ చిక్కగా ఉండాలన్నా, జుట్టు నిగనిగలాడాలన్నా మళ్ళీ చెట్ల బంకే దిక్కయింది. లోకమంతా చెట్ల వెంట పడితే ఎన్ని చెట్లకి ఎన్ని గాట్లు పెడతారు? విరజ ఐదేళ్ళుగా ఆ చిక్కుముడి మీదే కూర్చుంది.

ఆ ఫాల్గుణంలో ఒక గాజుసీసా పట్టుకుని ఊరొచ్చింది. సీసాలో చెంచాడు బంక. దానిమీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి ఎండ తగిలేచోట అరుగు మీద పెట్టింది. తల్లీకూతుళ్ళు జొన్నంబలి తాగి వచ్చేసరికి బంక సీసా సగానికి వచ్చింది. కాసులమ్మ వేళ్ళతో తోడేసి చూసింది. పొద్దు వాలేసరికి మళ్ళీ అంత అయింది.

"ఏటే ఇది? దెయ్యం పట్టిన బంకా?"

"బతికున్న బంకమ్మా. గాటు పెట్టినప్పుడు లోపలి పచ్చి బెరడు పొర బంకకి అంటుకుని వస్తుంది చూడు, నువ్వు గోరుతో గీకి పారేసేది. అందులో చెట్టు ప్రాణం ఇంకా ఉంటుంది. దాన్ని చావకుండా చూసుకుంటే సీసాలోనే ఊరుతూ ఉంటుంది. ఊటజిగురు అని పేరు పెట్టాం."

"తలకి రాసుకుంటే?"

"తలమీద కూడా ఊరుతుంది. చెమటే దానికి నీళ్ళు. ఒక్కసారి పట్టిస్తే ఆరు నెలలు మళ్ళీ తల రుద్దుకోనక్కర్లేదు. పట్నాల్లో బిందెడు నీళ్ళకి ఎంత కటకటో నీకు తెలీదు."

కాసులమ్మ సీసా వైపు కాసేపు చూసి, "మరింక మా సెట్లతో ఎవడికి పనే?" అంది.

విరజ ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టుంది. "చెట్టుకి తొమ్మిది గాట్లు పెట్టే పని ఉండదు. ఏడాదికి రెండు గాట్లు, ఒక దొప్ప. అది మాత్రం చెట్టు తెలిసినవాళ్ళే తేవాలి. ప్రతి సీసా మీదా చెట్టువాళ్ళ పేరు ఉండాలని రాసి పెట్టాను. ముందు ప్రయోగం గెలవాలి. నాకు ఒకే చెట్టు బంక కావాలమ్మా, ఈ డబ్బా నిండుగా. శుభ్రం చెయ్యకు. పచ్చి పొరతో సహా ఇచ్చెయ్."

"మా ముసల్దానికి గాట్లు పెట్టే ఏడే ఇది. అట్టుకొస్తాలే" అంది కాసులమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం చూడాలి!

కానీ ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. ముసల్ది నీరసంగా ఉంది. తొమ్మిది గాట్లు పడాల్సిన ఒంటిమీద మూడే పెట్టింది కాసులమ్మ. నాలుగో గాటుకి చెయ్యి రాలేదు. పది రోజులు ఎదురుచూసి ఊరినదంతా తీస్తే డబ్బాకి రెండు పిడికిళ్ళు తక్కువైంది. ఉన్నదున్నట్టు కూతురికి ఫోన్ చేసి చెబితే పోయేదే. కానీ కాసులమ్మ చెట్టు బంక తగ్గిందంటే, అదీ కూతురు పెద్దదై మొదటిసారి నోరు తెరిచి అడిగినప్పుడు తగ్గిందంటే, ఆవిడకి ప్రాణం పోయినంత పనైంది.

వాగు అవతల పండమ్మ వాటా చెట్టు ఉంది. పండమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాలుగు రోజులుగా కొండెక్కలేదు. గాటు కింద బంక బొటనవేలంత లావున వేలాడుతోంది. కాసులమ్మ చుట్టూ చూసింది. కోతులు తప్ప ఎవరూ లేరు. రెండే రెండు పిడికిళ్ళు తీసి డబ్బాలో అదిమి మూత పెట్టేసింది. ఇల్లు చేరేదాకా ఆ చేతిని కొంగుకి తుడుస్తూనే ఉంది.

*

రాజమండ్రిలో ఊటజిగురుని మొదట ఆరుగురి తలలకి పట్టించారు. అందులో కాసులమ్మ ఒకతె. రెండో మనిషి ఆ ప్రయోగశాలలో గాజు సామాను కడిగే నూకరత్నం. ముప్పై ఏళ్ళ మనిషి, గలగలా మాట్లాడుతుంది, జుట్టు పలచన. "మీకు రాస్తే జుట్టు మెరుత్తాది, నాకు రాస్తే మాడు మెరుత్తాదండి పిన్నిగారూ" అని తనమీద తనే నవ్వింది.

నూకరత్నం నవ్వుకున్నంతసేపు పట్టలేదు, మూడో రోజుకే మాట మారింది. వెంట్రుక వెంట్రుకకీ పలచటి పూత పట్టి పలచటి జుట్టు ఒత్తుగా కనిపించింది. ఎండకి పీచెక్కదు, దుమ్ము అంటదు, చెమట వాసన రాదు. ప్రయోగశాల డైరెక్టరు మహీధర్ గారు మాట పొదుపు మనిషి. ఆయన కూడా ఆరుగురినీ వరసగా నిలబెట్టి చూసి, "విరజా, ఇది నిలబడితే మన పేరు నిలబడుతుంది" అన్నాడు. మొదటి రోజే బంకలోంచి ఒక చుక్క తీసి 'చదువరి'కి పెట్టారు. చదువరి అంటే అరచేతిలో పట్టే యంత్రం, చుక్క వేస్తే అది ఏ చెట్టు ప్రాణమో జాతకంతో సహా చెబుతుంది. ఆ చుక్క ముసల్దానిదే పడింది. "ఒకే చెట్టు. తేనెలగూడెం. పల్లాల కాసులమ్మ" అని పుస్తకంలో ఎక్కింది.

కాసులమ్మ ఊరికి తిరిగొచ్చింది. ఇంక చూడండి సంతలో ఆవిడ నడక! అరటిగెలల దగ్గర ఒకసారి, ఉప్పు కొట్టు దగ్గర ఒకసారి జడ ముందుకేసుకుని, "మా అమ్మి సేసింది. మా ముసల్దాని బంకతో" అని చెప్పిందే చెప్పింది. బస్సు కండక్టరు టిక్కెట్టు కొట్టడం మానేసి జడ చూశాడు. ముప్పై రోజులు అలా గడిచాయి. రెండు పిడికిళ్ళ సంగతి ఆవిడ మరిచిపోయిందని చెప్పలేను గాని, గుర్తు చేసుకోలేదు.

నలభై ఒకటో రోజు పొద్దున్న దువ్వెన పళ్ళు రెండు విరిగాయి.

మెడ కింద ఒకచోట చింతగింజంత గట్టి ముడి తగిలింది. నీళ్ళతో తడిపింది, ఆముదం రాసింది, కదల్లేదు. మర్నాటికి అలాంటివి పది. మూడో రోజుకి పాయలు ఒకదానికొకటి అతుక్కుని జడ మొత్తం ఒకే కర్ర అయిపోయింది. వంగి గుమ్మం దాటుతుంటే గడపకి తగిలి టక్కుమని మోగింది. తలలో ఎవరో వెంట్రుకలన్నీ గుప్పెట పట్టి లాగుతున్నట్టు నొప్పి.

వెంటనే విరజకి ఫోన్ చేసి చెప్పింది. "అమ్మా, నీకూ అయిందా? ఇక్కడ అందరికీ అదే. మాడు పట్టేస్తోందని నిన్న ఐదుగురికీ జుట్టు తీయించేశాం. నూకరత్నం ఒకటే ఏడుపు. పట్నంలో ఇంకో మూడొందల మందికి ఇవ్వాల్సిన జాడీ తాళం వేసి పెట్టాం. రేపు కమిటీ కూర్చుంటోంది. నువ్వు రా, నీదీ తీయించేద్దాం."

"వత్తాను గాని, నా జడ మీద ఎవరన్నా సెయ్యేస్తే ఊరుకోను" అంది కాసులమ్మ.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని జడ ఒళ్ళో పెట్టుకుంది. ముప్పై అయిదేళ్ళుగా బంక ఏరిన వేళ్ళు అవి, ఊరికే ఉండవు. కొస నుంచి తడుముకుంటూ వచ్చింది. ఒకచోట మెత్తగా ఉంది. తర్వాత ముడి. మళ్ళీ మెత్తన, మళ్ళీ ముడి. అంతా ఒకేలా గట్టిపడలేదన్నమాట. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఈ ముడికి ఇవతల పులిసిన కల్లు వాసన. అది ముసల్దానిది, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అవతల చింతచిగురు పులుపు.

 ఆ చింతచిగురు వాసన ఎక్కడిదో కాసులమ్మ చేతికి తెలుసు. రెండూ తగిలినచోటల్లా ముడి పడింది. ఒక్కటే ఉన్నచోట జడ పట్టులా ఉంది. ఘాట్‌రోడ్డు మలుపులన్నీ అయిపోయి బస్సు గోకవరం దాటుతున్నా ఆవిడ వేళ్ళు ఆ ముడుల మీదే ఉన్నాయి. చెప్పెయ్యాలి. చెబితే, పండమ్మని అంత మాటన్న నోరు ఎక్కడ పెట్టుకోవాలి? చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆరో తల కూడా గొరిగించేస్తే ఆ ముడులు చెత్తబుట్టలోకి పోతాయి. ఆ మాట తన మనసులోకి వచ్చినందుకే కాసులమ్మకి తనమీద అసహ్యం వేసింది.

*

కమిటీ గదిలో పొడవాటి బల్లకి అటు మహీధర్ గారు, ఆయన పక్కన ఇద్దరు పెద్దలు. ఇటు విరజ ఒక్కతే నిలబడి ఉంది. తల్లిని చూసి కుర్చీ చూపించింది. కళ్ళ కింద నల్లగా ఉన్నాయి. గోడ వారన నూకరత్నం తలకి రుమాలు కట్టుకుని ఉంది. ఎప్పుడూ గలగలమనే మనిషి కళ్ళెత్తి చూడలేదు.

"నీ పని మీద అనుమానం లేదు విరజా" అంటున్నాడు మహీధర్ గారు. "అయితే రెండిట్లో ఒకటి ఒప్పుకోక తప్పదు. తపసి బంక గుణమే అంతైనా కావాలి, నీకిచ్చిన సరుకులో కల్తీ అయినా ఉండాలి. గుణమే అంతైతే తపసి పని ఇవాళే మూసేసి ఫ్యాక్టరీ తొట్లలో పెంచే జిగురుకి మారిపోదాం. చెట్లూ వద్దు, కొండలూ వద్దు."

"కల్తీ లేదు సార్." విరజ రెండు చేతులూ బల్లమీద ఆనించింది. "ఆ బంక మా అమ్మ తెచ్చింది. చెట్ల బంక కలిపారని సొంత వదినతోనే పందొమ్మిదేళ్ళు మాట్లాడని మనిషి. ఒకే చెట్టుదని ఆవిడ అందంటే ఒకే చెట్టుదే. అందుకే నేను మళ్ళీ చదువరికి పెట్టలేదు. దానికి నా ఉద్యోగం పూచీ పెడతాను."

కాసులమ్మకి ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. లోకంలో ఏ తల్లికీ దక్కని మాట అది. తనకి దక్కింది, దక్కీ దక్కగానే చేదైపోయింది.

లేచి నిలబడింది. జడ కుర్చీకి కొట్టుకుని మోగింది.

"దాన్ని పూచీ పడొద్దని సెప్పండి బాబూ. కలిపింది నేనే."

మహీధర్ గారు కలం కింద పెట్టాడు, కాసులమ్మ చెప్పుకుపోయింది.

"డబ్బా నిండలేదు. రెండు పిడికిళ్ళు తగ్గింది. మా వొదిన పండమ్మ సెట్టు దగ్గర తీసి కలిపేసేను. అడిగి తియ్యలేదు, దొంగతనంగా తీసేను. మా ఊళ్ళో కలపకూడదని అందరికన్నా గట్టిగా అరిసేదాన్ని నేనే."

విరజ తల్లి వంక చూసింది. ఆ చూపు కాసులమ్మ చచ్చేదాకా మరిచిపోలేదు.

మహీధర్ గారు మెత్తగా నవ్వాడు. "అమ్మా, కూతుర్ని కాపాడుకోవాలనే ఆరాటం నాకు అర్థమవుతుంది. చదువరి మొదటి రోజే ఒకే చెట్టు అని చెప్పింది. డబ్బాడు బంకలో రెండు పిడికిళ్ళు ఏం చేస్తాయి? మీరు నింద మీదేసుకున్నంత మాత్రాన..."

కాసులమ్మకి ఒళ్ళు మండింది. "అబద్ధం ఆడినప్పుడు నమ్మేరు. నిజం సెప్తే నమ్మరేం?" అంది. అని సంచిలోంచి బంక కత్తి తీసింది. బెరడుకి గాటు పెట్టే కత్తి, వంకర మొన, అరచేతిలో ఇమిడేది. వేళ్ళతో మెడ వెనక తడుముకుంది. గట్టిగా ఉన్నచోట ఏ కత్తీ దిగదని ఆవిడకి తెలుసు. మెత్తగా ఉన్న చోటు, పులిసిన కల్లు వాసనొచ్చే చోటు వెతికి పట్టుకుంది.

"అమ్మా, వద్దు!" అంది విరజ.

"గాటు పెట్టేటప్పుడు సెయ్యి పట్టుకోకూడదే" అంది కాసులమ్మ. నాలుగు కోతల్లో జడ చేతిలోకి వచ్చింది.

యాభై ఏళ్ళ జడని బల్లమీద పెట్టింది. కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు. "సెప్తాను, రాసుకోండి. ఇది ముసల్ది. ఈ ముడి దాటేక ఇక్కణ్ణించి ఇక్కడికి మా వొదిన సెట్టుది. ఇది మళ్ళీ ముసల్ది. ముడున్న సోటల్లా రెండూ ఉంటాయి. మీ యంత్రాన్ని అడగండి."

ఎవరూ లేవకముందే నూకరత్నం లేచింది. రెండు రంగుల దారపుండలు తెచ్చి, కాసులమ్మ వేలు పెట్టినచోటల్లా ముసల్దానికి తెల్లది, పండమ్మ చెట్టుకి ఎర్రది, ముడికి రెండూ కలిపి కట్టుకుంటూ పోయింది. ఇరవై మూడు చోట్ల. విరజ చదువరి తీసుకుని ఒక్కొక్క చోటా చుక్క నీళ్ళేసి గీకి చదివించింది. తెల్లదారం దగ్గర ముసల్ది. ఎర్రదారం దగ్గర, అంతవరకు పుస్తకంలో ఎక్కని చెట్టు. రెండు దారాలు కలిసినచోట రెండు ప్రాణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ. ఇరవై మూడూ తప్పు లేకుండా వచ్చాయి. యంత్రానికి గంటన్నర పట్టింది, కాసులమ్మ వేళ్ళకి పావుగంట.

మహీధర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కాసులమ్మ గారూ, క్షమించండి" అన్నాడు. గారు అనడం అదే మొదలు.

"బంక గుణం కాదు సార్" అంది విరజ నెమ్మదిగా. జడ మీంచి చూపు తిప్పలేదు. "ఒక చెట్టు ప్రాణానికి ఇంకో చెట్టు ప్రాణం తగిలితే తనకి గాయమైందనుకుంటోంది. గాయమైతే చెట్టు చేసేది ఒక్కటే, గట్టి బంక ఊర్చి మూసేసుకోవడం. నలభై రోజులకి అవి పెరిగి ఒకదానికొకటి తగిలాయి. ఒకే చెట్టుదైతే గొడవే లేదు. దొప్ప వేరు కట్టమన్న తాతలకి ఇది తెలిసే ఉంటుంది."

తాళం వేసిన జాడీ ఆ సాయంత్రమే పారబోశారు. తపసి పని మూసేసే కాగితం మహీధర్ గారు చింపేశాడు.

వరండాలోకి వచ్చాక విరజ తల్లి మీద విరుచుకుపడింది. "ఒక్క ఫోన్ చేస్తే పోయేది కదమ్మా! రెండు పిడికిళ్ళు తక్కువైతే నేనేమన్నా అనేదాన్నా? ఐదుగురి తలలు గొరిగించానే నేను, ఐదుగురివి!"

"అనవని తెలుసే. నేనే అనుకోలేకపోయాను, నా సెట్టు తగ్గిందని." కాసులమ్మ గోడకి ఆనుకుంది. "గర్వం, అమ్మీ. ఇంకేం లేదు."

విరజ దగ్గరికొచ్చి తల్లి మెడ వెనక ఎగుడుదిగుడుగా మిగిలిన జుట్టు మీద చెయ్యి పెట్టింది. "ఇరవై మూడు" అంది. "నేను ఆరేళ్ళు చదువుకున్నది నీ వేళ్ళు పావుగంటలో చదివేశాయి." అని ఆ వరండాలోనే, నలుగురూ చూస్తుండగా, తల్లిని గట్టిగా పట్టుకుని ఏడ్చింది.

మాడు పట్టెయ్యకుండా మిగిలిన జుట్టు కూడా గొరిగించేసుకున్నాక, కాసులమ్మ నూకరత్నం దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకుంది. "నీకు జరిగింది నా వల్లేనమ్మా" అంది. నూకరత్నం రుమాలు విప్పి తన తలా ఆవిడ తలా చూసుకుని, "ఇప్పుడు ఇద్దరికీ మాడే మెరుత్తోందండి పిన్నిగారూ" అంది. అన్నది గాని కళ్ళు తుడుచుకుంది.

*

మారేడుమిల్లిలో బస్సు దిగేసరికి సంత రోజు. అందరి కళ్ళూ ఆవిడ తలమీదే. కొంగు కప్పుకోలేదు. ఉప్పు కొట్టతను ఉండబట్టలేక, "ఏ కొండకి మొక్కేవు కాసులమ్మా, తిరపతా, అన్నవరమా?" అని అడిగాడు.

"మా కొండకే. సగం మొక్కు తీరింది, సగం ఇంటికెల్లి తీర్సాలి" అంది.

తిన్నగా వెళ్ళి పండమ్మ గుమ్మం ముందు నిలబడింది. పండమ్మ మోకాలికి వేడి ఇటుక కాపడం పెట్టుకుంటోంది. చూసి ఇటుక కింద పెట్టేసింది. పందొమ్మిదేళ్ళ తర్వాత ఆ గుమ్మంలో "వొదినా" అన్న మాట వినపడింది. కాసులమ్మ నిలబడే అంతా చెప్పింది. డబ్బా, కోతులు, రెండు పిడికిళ్ళు, ముడులు, కమిటీ. ఏదీ మింగలేదు.

పండమ్మ అంతా విని, "అయితే నా బంక ఒకసారి వాగులో పోసేవు, ఒకసారి దొంగిలించి నెత్తిన రాసుకున్నావు" అంది.

"ఆఁ."

"సుద్ది లేని సేతి బంకని."

"ఆ మాట నాది. నా నోటిదే శుద్ధి లేనిది. ఊరందరి ముందూ అన్నాను, ఊరందరి ముందే తప్పని సెప్తాను."

పండమ్మ ముఖం బిగించుకునే ఉండాలని చూసింది, కుదరలేదు. కాసులమ్మ తల వంక చూసి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఏడుపయ్యేదాకా నవ్వింది. "కూకో. కాసులూ, కూకో. మీ అన్న బతికుంటే నిన్నిలా సూసి ఎంత నవ్వేవోడో" అంది. ఆ ఆదివారం ఊరందరి ముందూ కాసులమ్మ తన మాట తను వెనక్కి తీసుకుంది. తలెత్తుకునే తీసుకుంది.

మరుసటేడు ఎండల్లో మొదటి ఊటజిగురు సీసా బయటికొచ్చింది. తేనెలగూడెంలోనే, అరుగు మీద, విరజ దాని మీది అక్షరాలు గట్టిగా చదివింది. "ఒక సీసా, ఒక చెట్టు. చెట్టు: వాగు అవతలి తపసి. చెట్టువారు: పండమ్మ, తేనెలగూడెం."

చూడ్డానికి పట్నం నుంచి వచ్చినవాళ్ళలో ఒకావిడ కాసులమ్మని గుర్తుపట్టింది. "ఇదంతా కనిపెట్టింది మీరు కదా, మీ చెట్టు పేరు లేదేం?" అని అడిగింది.

"మా ముసల్ది నిద్దరోతోందమ్మా. దానికి ఇది విశ్రాంతి ఏడు. దాని ఏడు వొచ్చినప్పుడు అదే లేస్తాది" అంది కాసులమ్మ. ఆ మాటలో చింత లేదు. సీసా తీసుకుని అందరికీ కనపడేట్టు పైకెత్తి, "మా వొదిన సెట్టు!" అంది. జడ పట్టుకుని సంతలో తిరిగిన రోజుల్లో కూడా ఆ గొంతు అంత గట్టిగా పలకలేదు.

కాసులమ్మ జుట్టు అప్పటికి భుజాలకి రాలేదు. పండమ్మ ఆవిణ్ణి ముందు కూర్చోబెట్టుకుని, చెంచాడు ఊటజిగురు తీసి, కుదుళ్ళ నుంచి కొసల దాకా తనే పట్టించింది. మళ్ళీ పట్టించనిస్తావా అని విరజ అడిగితే కాసులమ్మ తల ఇంకొంచెం వెనక్కి వాల్చింది.

నలభై ఒకటో రోజు పొద్దున్న ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆ అరుగు దగ్గరే ఉన్నారు. నూకరత్నం కూడా రాజమండ్రి నుంచి తొలి బస్సుకే వచ్చింది. పండమ్మ దువ్వెన తీసి కాసులమ్మ నడినెత్తిన పెట్టింది. కిందికి లాగింది. దువ్వెన ఎక్కడా ఆగలేదు.